ఒక చెప్పు, మూడు పనులు

బస్సు మారబోతుండగా, వేరే ముహూర్తం దొరకనట్టు, ఆమె చెప్పు తెగింది. గంటలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ. పక్కన నిలబడ్డ పెద్దాయన సంచిలోంచి సూది తీసి కుట్టసాగాడు. ఆ చేతి నేర్పు చూసి ఆమెకు ఆరా తీయాలనిపించింది.

"చెప్పులు కుడతారా బాబాయ్?"

"లేదు తల్లీ. కుట్టు దర్జీ కొట్లో నేర్చా, గాయాల కుట్లకు ముడేయడం ఆస్పత్రిలో, దారానికి మైనం పట్టించడం పడవల దగ్గర. కుదురు లేదని మా ఆవిడ తిట్టని రోజు లేదు."

ఆమె నిట్టూర్చింది. "నేనూ ఆరు ఉద్యోగాలు మారాను. నిలకడ లేదంటారని బయోడేటాలో ఒక్కటే రాశా."

"ఒక్క పనే తెలిస్తే ఇది సగంలో ఊడేది," అన్నాడాయన, చెప్పు అందిస్తూ.

ఆమె బయోడేటా కాగితం తీసి మిగతా ఐదూ రాసింది. చూపిద్దామని తలెత్తేసరికి, ఆయన చెప్పాపెట్టకుండా సందు మలుపు తిరుగుతున్నాడు.