గోధుమ మానేసినా తిరిగి రాని పరుగు

నేను మైదుకూరు దగ్గర ఒక హైస్కూల్లో పీఈటీని. ఆ రోజు మైదానంలో ఆడపిల్లలకు ఖోఖో నేర్పిస్తున్నాను. స్తంభం దగ్గర ఎలా తిరగాలో చూపించబోయి నాలుగడుగులు వేశానో లేదో, కాళ్లు నావి కానట్టు అయిపోయాయి. మట్టిలో కూలబడ్డాను. "టీచర్ డైవ్ కొట్టేది సూపిస్తాంది" అనుకుని పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఎండదెబ్బ అనుకున్నాను. వానలు పడ్డాక కూడా మెట్లెక్కితే ఆయాసమే. ఏది తిన్నా కడుపు ఉబ్బరం, విరేచనాలు. కడపలో చూపిస్తే హిమోగ్లోబిన్ బాగా తక్కువుందన్నారు. ఐరన్ మాత్రలు మింగాను, ఇంజెక్షన్లు వేయించుకున్నాను. పెరిగినట్టే పెరిగి మళ్లీ పడిపోయేది. ఒక డాక్టరు "టెన్షన్ తగ్గించుకోండి. రాత్రిపూట అన్నం మానేసి చపాతీ తినండి, బలం" అన్నాడు. బుద్ధిగా తిన్నాను. తిన్నకొద్దీ చిక్కిపోయాను. ట్రాక్ ప్యాంటు నిలవడానికి నడుము దగ్గర పిన్నీసు పెట్టుకునేదాన్ని.

చివరికి కర్నూలులో ఒక గ్యాస్ట్రో డాక్టరు నా మాట పూర్తిగా విన్నాడు. టీటీజీ అనే రక్తపరీక్ష, ఎండోస్కోపీ, బయాప్సీ చేయించాడు. "ఇది సీలియాక్ డిసీజ్ అమ్మా. గోధుమలో ఉండే గ్లూటెన్ మీ చిన్నపేగును పాడు చేస్తోంది. అందుకే తిన్నది ఒంటికి పట్టడం లేదు. గోధుమ, మైదా, రవ్వ జీవితాంతం మానేయాలి. మానేస్తే ఓపిక అదే వస్తుంది. అన్నం, జొన్న, రాగి తినొచ్చు" అన్నాడు.

పక్కనున్న మా అమ్మ "సంగటి తినమని చెప్పించుకోడానికి ఇంత దూరం రావాల్నా" అంది. చాలా నెలల తర్వాత ఆ రోజే నవ్వాను.

ఆ నవ్వు నిలవలేదు. కడుపు కొంత కుదుటపడింది కానీ ఒంట్లోకి శక్తి రాలేదు. మైదానం చుట్టూ ఒక్కసారి నడిస్తే బెంచీ వెతుక్కునేదాన్ని. హెడ్మాస్టరు ఖోఖో జట్టును లెక్కల సారుకు అప్పగించి, నన్ను లైబ్రరీలో కూర్చోబెట్టాడు. ఆయనది మంచి ఉద్దేశమే. కానీ కిటికీలోంచి ఆ విజిల్ వినిపించినప్పుడల్లా ఏడుపొచ్చేది. పరిగెత్తలేని పీఈటీ ఎవరికి కావాలి? నాకే అక్కర్లేకుండా పోయాను.

మా చర్చి సంఘంలో ప్రతి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది, యేసును తలచుకుంటూ అందరం రొట్టె, ద్రాక్షారసం తీసుకుంటాం. రొట్టె ముక్క నోట్లో వేసుకుని, "ప్రభువా, నా కాళ్లు నాకియ్యి" అని కళ్లు మూసుకునేదాన్ని. ఆ వారమంతా నన్ను నిలబెట్టేది ఆ ముక్కే అనుకునేదాన్ని.

గోధుమ మానేస్తే తగ్గాల్సిన టీటీజీ, మళ్లీ చేయిస్తే పెద్దగా తగ్గలేదు. "ఎక్కడో తింటున్నారు" అన్నాడు డాక్టరు. "ముట్టుకోవడం కూడా లేదు సార్" అన్నాను, కోపంగానే. అప్పుడు అమ్మ ముఖం పాలిపోయింది. "సారూ, ఆదివారం రొట్టె..." అంది.

చర్చికి ఆ పులియని రొట్టె కాల్చేది మా అమ్మే. ఏళ్లుగా శనివారం సాయంత్రం ప్రార్థన చేసుకుని గోధుమపిండి కలుపుతుంది. ఆ పెనం మీదే నాకు జొన్నరొట్టె. బల్ల రొట్టె కూడా గోధుమేనని మా ఇద్దరికీ ఒక్కనాడూ తట్టలేదు. మాకది తిండి కాదు మరి. "చిటికెడైనా చాలమ్మా" అన్నాడు డాక్టరు. తిరుగు బస్సులో అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకునే కూర్చుంది. "నా చేతుల్తో నేనే పెడితినే" అని ఒక్క మాట అంది.

పెనం మార్చాం. రొట్టె పని వేరేవాళ్లు తీసుకున్నారు. పాస్టరుగారు "ద్రాక్షారసం మటుకు తీసుకో పాపా" అన్నారు. మా దగ్గర అందరికీ ఒకటే గిన్నె, రొట్టె తిన్న నోళ్లతోనే తాగుతారు, అందులో పడే పొడి కూడా నాకు పడదు. నాకు జొన్నరొట్టె పెట్టమని అడిగితే సంఘ పెద్దలు చూద్దామన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు. బల్లలో చేయి వేయనివాళ్లు, అంటే రొట్టె తీసుకోనివాళ్లు, ఏదో తప్పు చేశారని మావాళ్ల లెక్క. "ఏం పాపా, మనసులో ఏమన్నా పెట్టుకోనుండావా?" అని ఒక పెద్దమ్మ అందరి ముందూ అడిగింది. ఆ రోజు చచ్చిపోవాలనిపించింది.

ఇప్పుడు టీటీజీ నార్మల్. మైదానం చుట్టూ సగం దూరం మెల్లగా పరిగెత్తుతాను, మిగతాది నడుస్తాను. ఎముకలు పలచబడ్డాయనీ మునుపటిలా కాకపోవచ్చనీ డాక్టరు ముందే చెప్పాడు. ఖోఖో జట్టు ఇంకా లెక్కల సారు దగ్గరే ఉంది. రొట్టె పంచే వేళకు అమ్మ కూడా లేవకుండా నా పక్కనే కూర్చుంటోంది. "నువ్వన్నా పోమ్మా" అంటే "నీకు ల్యాంది నాకెందుకు" అంటుంది. నాకది ఓదార్పు కాదు, ఇంకో బరువు.

గ్లూటెన్ మానేసినా ఓపిక రావడం లేదంటే మీ ఒంటిని తిట్టుకోకండి. ఏమేం తింటున్నారని డాక్టరు అడిగినప్పుడు, మీరు తిండి కిందకు లెక్కవేయనిది కూడా చెప్పండి. గుడిలో రవ్వకేసరి ప్రసాదమైనా, దర్గాలో గోధుమ రొట్టె నలిపి చేసే మలీదా అయినా, మా రొట్టె ముక్కయినా. పేగుకు అవన్నీ గోధుమే.