మడమలకు తెలిసిన తిప్ప

మొగల్తూరు అవతల ఉప్పుకాలవలో ఒక బురద తిప్ప ఉంది. పోటుకి మునుగుతుంది, పాటుకి తేలుతుంది. రిటైరయ్యాక నా సాయంత్రం షికారు అటే. ఆ తిప్ప మీద గుల్లలు ఏరే సుబ్బాయమ్మ నాకు మంచి స్నేహితురాలు. మొగుడు సముద్రంలో చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. ఇద్దరు ఆడపిల్లల్ని ఈ గుల్లల మీదే పెంచింది.

ఆవిడ చేత్తో వెతకదు. మడమలతో బురద తొక్కుతూ, గట్టిగా తగిలినచోట వంగుతుంది. నోరు తెరిచిన గుల్ల దొరికితే తట్టి చూస్తుంది. మూసుకుంటే ప్రాణం ఉన్నట్టు. పిల్ల గుల్లల్ని మళ్లీ బురదలో నిలబెడుతుంది.

"మీ బళ్లో పిల్లలకీ ఇలాగే నోరు మూయించేవోరా మాస్టారూ?"

"నా నోరే ఎవరూ మూయించలేకపోయారమ్మా!"

పాటుకి నీళ్లు తీయగానే పీత బొరియలోకి దిగి బురదతో మూత పెట్టుకుంటుంది. గుల్ల కాస్త నీళ్లు దాచుకుని చిప్పలు బిగిస్తుంది. మళ్లీ పోటు వస్తుంది కదా, అంతవరకు చాలు.

మొన్న వేసవిలో తన రొయ్యల చెరువు గట్టు తెగిందని భీమరాజు కాలవ నోటికి అడ్డంగా మట్టికట్ట వేయించాడు. పోటు లోపలికి రాలేదు. ఇద్దరం ఆయన దగ్గరికి వెళ్లాం.

"ఒక్క పోటుకి దారివ్వండి బాబూ. తిప్ప ఎండిపోతందండి."

"గట్టు ఆరాలి సుబ్బాయమ్మా. గుల్లలేగా, నోరు మూసుకుని పడుంటాయి. ఆదివారం తీయించేస్తాను."

"ఎన్నాళ్లని మూసుకుంటాయండీ?"

సుబ్బాయమ్మ రోజూ గోనెసంచులు కట్ట అవతలి ఉప్పునీళ్లలో తడిపి తెచ్చి తిప్ప మీద కప్పేది. సంచి ఎంత, తిప్ప ఎంత! ఆవిడ ఇల్లు చేరేలోపే ఎండకి ఆరిపోయేవి.

భీమరాజు అన్న మాట ప్రకారం ఆదివారం కట్ట తీయించాడు. నీళ్లు గలగలా వచ్చాయి. నేను చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాను. సుబ్బాయమ్మ మోకాల్లోతున దిగి మడమతో వెతికి ఒకటి పైకి తీసింది. నోరు తెరిచి ఉంది. తట్టింది. మూసుకోలేదు. ఇంకొకటి తీసింది. అదీ అంతే. పొద్దు వాలేదాకా తడుతూనే ఉంది.

చివరికి బొటనవేలంత పిల్ల గుల్ల దొరికింది. అదీ మూసుకోలేదు. దాన్ని మాత్రం బురదలో జాగ్రత్తగా నిలబెట్టింది.

"అదెందుకమ్మా ఇంకా?"

"అలవాటండి."

ఇప్పుడు రొయ్యల షెడ్డులో తలలు ఒలిచే పనికి వెళ్తోంది. అక్కడ రబ్బరు బూట్లు వేసుకోవాలట. మొన్న బస్సు దగ్గర కనబడితే, పని ఎలా ఉందమ్మా అని అడిగాను.

"బాగానే ఉందండి. కాళ్లకే నేల తెలవట్లేదు మాస్టారూ," అంది.