ఉల్క ఆట సగంలో లేచి వచ్చేశాను

మా ఆయనకు ఆకాశం సంగతులంటే పిచ్చి. పెద్ద ఉల్క పడితే భూమికి ఏమవుతుందో తిరుపతి నక్షత్రశాలలో గుమ్మటం లోకప్పు మీద సినిమాలా చూపిస్తున్నారని తెలిసి, పనికి సెలవు పెట్టి నన్నూ తీసుకెళ్లారు. నాకు ఐదో నెల. మొదటి కడుపు నిలవలేదు కాబట్టి బయలుదేరేటప్పుడే భయంగా ఉంది.

చంద్రగిరిలో తొమ్మిదింటికి బస్సెక్కి పదిలోపే తిరుపతిలో దిగాం. ఆటో అతను, "కొండకా అమ్మా?" అని అడిగాడు.

"కాదబ్బా, ఉల్క సూసేదానికి," అన్నారు మా ఆయన.

"బాగుండాదప్పా! ఊరంతా దేవుణ్ణి సూసేదానికి వస్తే మీరు రాయిని సూసేదానికి వచ్చినారే!" అని నవ్వి, ఎనభై అడిగినవాడు అరవైకే ఒప్పుకున్నాడు.

పదకొండు గంటల ఆట. ముందు వరసల నిండా బడిపిల్లలు. తల మీద ఆకాశంలోంచి రాయి వచ్చి సముద్రంలో పడింది. కొండంత అలలు లేచాయి, అడవులు అంటుకున్నాయి. పొగా దుమ్మూ కమ్మేసి సూర్యుడు నల్లబడిపోయాడు. నా చేతులు కడుపు మీదికి వెళ్లాయి. గ్రహణం పట్టినప్పుడు కడుపుతో ఉన్న మనిషి గదిలో కదలకుండా పడుకోవాలంటారు మావైపు. పోయినసారి గ్రహణం వేళ ఆరేసిన బట్టల కోసం మిద్దె ఎక్కానని, అందుకే బిడ్డ దక్కలేదని అత్త ఇప్పటికీ అంటుంది.

"తలుపు తీయండి! నా బిడ్డ!" అని అరిచాను. ఆట ఆపి దీపాలు వేశారు. పిల్లలు గొల్లున నవ్వారు. మా ఆయన నన్ను చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చారు.

టికెట్లు చూసే ఆమె నీళ్లిచ్చింది. గ్రహణం పట్టిందని భయపడ్డానని చెప్పాను. "అది గ్రహణం కాదు మా. దుమ్ముకి ఎండ రాక చెట్లు సచ్చిపోతాయి, వాటిని మేసేవీ పోతాయి."

"అన్నీ పోయినాయా?"

"లేదు మా. ఏండ్ల తర్వాత దుమ్ము దిగినాక బూడిదలో చిన్న చిన్న ఆకు మొక్కలు లేసినాయంట. అది సూడకముందే వచ్చేసినావు."

లోపల ఆట మళ్లీ మొదలైంది. "నువ్వన్నా పో మామా," అన్నాను తల ఎత్తలేక.

ఆయన నా పక్కనే కూర్చున్నారు. "ఆ పొద్దు మిద్దె మింద సొక్కా తెమ్మన్నది నేనే కదమ్మే. మాయమ్మకి ఈరోజుకీ చెప్పలే."

అందరి ముందూ అరిచినందుకు సిగ్గుపడ్డాను. ఎంతో ఆశగా వచ్చిన మనిషిని చూడనీయకపోయినందుకు ఇంకా సిగ్గుపడ్డాను. కానీ ఎక్కువ సిగ్గు వేరే ఉంది: ఆయన పంపితేనే వెళ్లానని నాకూ తెలుసు, అయినా రెండేళ్లుగా బిడ్డను చంపుకున్నది నేనే అని నమ్మాను.

కడుపుతో వెళ్లేవాళ్లు తలుపు పక్క కుర్చీ అడగండి. చీకటి పడినప్పుడు భయమేస్తే కళ్లు మూసుకోండి, లేచి రాకండి. మొక్కలు మొలిచేది ఆఖర్లో.