పెనాంగ్‌లో ఇల్లు, బెంగళూరులో బీమా

పెనాంగ్‌లో నా ఆరోగ్య బీమా వయసు మీరినందువల్ల ఆగిపోతుందని కంపెనీవాళ్లు కబురు పెట్టిన వారానికే బెంగళూరు టికెట్ కొన్నాను. కొత్త పాలసీ అక్కడే తీసుకోవచ్చు, కానీ అది మలేషియా ఆస్పత్రులకే పనికొస్తుంది. బెంగళూరులో తీసుకుంటే ఇండియా ఆస్పత్రులకే. రెండూ కట్టే శక్తి మా పింఛన్లకు లేదు. అంటే ముసలితనంలో జబ్బు చేస్తే ఏ ఊళ్లో పడుకోవాలో ఇప్పుడే తేల్చుకోవాలి.

బెంగళూరు పత్రికాఫీసులో రిటైరయ్యాక, నా భార్య సుశీల పుట్టిన ఊరని ఎనిమిదేళ్ల కిందట పెనాంగ్ వెళ్లి స్థిరపడ్డాం. ఆమె తాత రబ్బరు తోటల పనికి వెళ్లిన తెలుగువాడు. ఊరు బాగుంటుంది. సముద్రం ఉంది, వాన ఉంది, మంచి చేపలు దొరుకుతాయి. అయినా తెల్లవారుజామున మెలకువ రాగానే బెంగళూరులో మా కాటన్‌పేట వీధిలో మూటలు దించే చప్పుడు కోసం నా చెవులు వెతుకుతాయి. సుశీలకు ఈ సంగతి తెలుసు. "మీ మనసు ఎటుంటే అటు సంతకం పెట్టండి. నేనూ వచ్చేస్తాను," అని, నా మొహం చూడకుండా బట్టలు ఆరేయడానికి వెళ్లింది.

కౌలాలంపూర్‌లో విమానం మారి సాయంత్రానికి బెంగళూరులో దిగాను. విమానాశ్రయం బయటే, ఊరి నడుమనున్న మెజెస్టిక్ బస్టాండుకు బస్సు దొరుకుతుంది. సామాను తక్కువుంటే టాక్సీ కంటే అదే మేలు, కాకపోతే రద్దీ వేళ రెండు గంటలు పడుతుంది. పక్క సీట్లో హిందూపురం బట్టల వ్యాపారి. నా కథ విని ఆశ్చర్యపోయాడు.

"అందరూ రిటైరయినాక ఊరికొస్తారు. మీరేంది సార్, రిటైరయి ఊర్నించి పోయినారు!"

హెబ్బాళ వంతెన మీద బస్సు ఆగిపోయినప్పుడు ఆయన చక్కిలాలు పెట్టాడు.

కాటన్‌పేటలో మా అక్క నాగరత్నమ్మది పైఅంతస్తు ఇల్లు. కింద దారం హోల్‌సేల్ అంగడికి అద్దెకిచ్చింది. బావ పోయి చాలాకాలమైంది, పిల్లల్లేరు. డెబ్బై దాటిన మనిషి గుమ్మం పట్టుకుని నిలబడి, "వచ్చినావాప్పా? ఎట్ల సన్నబడిపోయినావో చూడు. ఆ సుశీల నీకేం పెడతాండాదో," అంది. నిజానికి నేను లావయ్యాను.

మర్నాడు హూడి వెళ్లాలి, బీమా ఏజెంటు ఆఫీసు అక్కడే. అక్క కూడా బయల్దేరింది. "నీకు పేపరు రాసేది తెలుసు గానీ లోకం తెలీదు," అంది. మెజెస్టిక్‌లో పర్పుల్ లైన్ మెట్రో ఎక్కితే మారకుండా హూడిలో దిగొచ్చు. ప్రయాణం గంటలోపే. స్టేషన్లో అక్క మెట్ల వైపు చూడనైనా చూడకుండా లిఫ్టు దగ్గరికి నడిచింది. "మెట్లంటే బేజారప్పా," అంది. నేను పెద్దగా పట్టించుకోలేదు.

ఏజెంటు మాధురి గుంటూరు అమ్మాయి, మాటలో దాపరికం లేదు.

"అంకుల్, మీరు అబ్రాడ్‌లో ఉన్నా పాలసీ ఇస్తారు, కానీ ట్రీట్‌మెంట్ ఇండియాలోనే. షుగర్ ఉందని ముందే చెప్పేయండి. హైడ్ చేస్తే క్లెయిమ్ రిజెక్ట్ చేస్తారు. చెప్తే కొన్నేళ్లు వెయిటింగ్ పెట్టి తర్వాత కవర్ చేస్తారు."

"ఆస్పత్రిలో నేను చేయాల్సిందేమైనా ఉంటుందా?"

"కార్డ్ చూపిస్తే చాలు. బెడ్ కార్డ్ ఇస్తుంది. అటెండర్‌ని మాత్రం మీరే తెచ్చుకోవాలి. మందులకి, సంతకాలకి, రాత్రి పక్కన కూర్చోడానికి ఒక మనిషి కావాలిగా. ఇక్కడ మీకెవరున్నారు?"

"నేను లేనా?" అంది అక్క వెంటనే. "నా తమ్ముడు వాపసు వచ్చేస్తా ఉండాడు పాపా. నేను చూసుకుంటా."

ఎనిమిదేళ్లుగా ఆ మాట కోసమే ఎదురు చూశానేమో, మాధురి చేతిలో పెన్ను అందుకున్నాను. దరఖాస్తు మీద సంతకం పెట్టాను. ఇక మిగిలింది వైద్య పరీక్ష.

పరీక్ష మర్నాటి ఉదయం, నగర్తపేటలోని లాబులో, పరగడుపున. ఆటో ఎక్కబోతుంటే, నాతో బయల్దేరిన అక్క గిన్నెతో వచ్చి, "మంచి పనికి పోతాండావు, నోరు తెరువు," అంది. చిన్నప్పుడు ప్రతి పరీక్షకూ ముందు తెరిచినట్టే తెరిచాను. చెంచాడు పెరుగూ చక్కెరా మింగేశాను. లాబులో అమ్మాయి సూది తీసి, "ఏమైనా తిన్నారా సార్?" అని అడిగేవరకూ నాకు తట్టలేదు.

"షుగర్ టెస్ట్‌కి చక్కెర తిని వచ్చారా!" అని పక్క కుర్చీలో ఆయన పడీపడీ నవ్వాడు. రేపు రమ్మన్నారు.

ఎటూ పని చెడిందని పక్క వీధి హోటల్లో కూర్చుని, కూర పెట్టని ఖాళీ దోసెలు తెప్పించుకున్నాం. అక్క తినడం లేదు.

"ఆ పిల్ల అటెండర్ అన్నింది కదా. నన్నూ అట్లే అడిగిరి," అంది.

"నిన్నా? ఎప్పుడు?"

"పోయిన ఏడు. మోకాళ్లకి ఆపరేషన్ చేస్తామని, పక్కన ఎవురుంటారమ్మా అన్నారు. ఎవురూ లేరంటే, ఎవుర్నైనా పిల్చుకొని రాపో అన్నారు. వచ్చేసినా."

"నాకు ఫోన్ చెయ్యచ్చు కదా?"

"ఫోన్ చేసి, నీ పెండ్లాన్ని విడిచిపెట్టి రారా అని చెప్పేదా? ఇప్పుడు నువ్వే పాలసీకని వస్తా ఉంటివి. నీకొస్తే నేను, నాకొస్తే నువ్వు అనుకొంటిని."

మెట్రో లిఫ్టు ఇప్పుడు అర్థమైంది. రాత్రంతా ఆస్పత్రి కుర్చీలో కూర్చోగల మోకాళ్లు కావవి. నా జబ్బుకు నేను వెతుక్కున్న మనిషి, తన జబ్బుకు మనిషి లేక ఏడాదిగా ఇంటివి తప్ప మెట్లన్నీ తప్పించుకుంటోంది. అటెండర్‌గా రావడానికి నాకు పాలసీ అక్కర్లేదు, టికెట్ చాలు. ఇక నా పక్కన కూర్చునేది సుశీలే, ఆమె ఊరు పెనాంగ్.

మర్నాడు లాబుకు వెళ్లలేదు. అక్కను ఆ ఆస్పత్రికి తీసుకెళ్లి, వానలు తగ్గాక ఆపరేషన్‌కి రోజు ఖాయం చేయించి, అటెండర్ అన్నచోట నా పేరు రాయించాను. మాధురికి ఫోన్ చేసి దరఖాస్తు ఆపమన్నాను. "పర్లేదు అంకుల్. అక్కడి పాలసీ మాత్రం డేట్ దాటనివ్వకండి," అంది. ఈ దారిన వచ్చేవారికి నేను చెప్పేదీ అదే, ఇంకొకటి కూడా. ప్రీమియం రేటు తర్వాత, ముందు పక్కన కూర్చునేదెవరో చూసుకోండి.

ఆటోలో అక్క అడిగింది. "అయితే వాపసు రావు?"

"వస్తాను కదా, నీ ఆపరేషన్‌కి."

"అది వచ్చేది కాదప్పా. వచ్చి పోయేది."



తిరుగు ప్రయాణం ఆ సాయంత్రమే. మెజెస్టిక్‌లో బస్సు ఎక్కి సుశీలకు ఫోన్ చేసి, ఆపరేషన్‌కి వచ్చి నెల రోజులు ఉంటానన్నదాకా అంతా చెప్పాను.

"నెల రోజులు చాలవు, రెండు నెలలు ఉండండి," అంది. తర్వాత, "ఇక్కడ సంతకం పెట్టడం మీకు కష్టంగా లేదూ?" అంది.

"ఉంది," అన్నాను.

"ఉంటుంది," అంది సుశీల. కిటికీ అవతల మల్లేశ్వరం వెనక్కి పోతోంది. ఈ ఊరి ఆస్పత్రుల్లో నాకిక మంచం లేదు, మంచం పక్కన కుర్చీ ఉంది. వానలు తగ్గేదాకా అదొక్కటే ఎదురు చూపు.