ఇంకేంది అని అడిగే మా సార్

మా సార్ పోయారన్న కబురు నాకు యాదమ్మ చెప్పింది. ఆదివారం పొద్దున దోసెలు పోస్తుంటే ఫోన్ మోగింది. యాదమ్మ గుమ్మడిదల దగ్గరి మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ లైన్ మీద పని చేస్తుంది. ఆమె సెలవునాడు ఫోన్ చేసిందంటే అక్కడ మేం పెట్టిన మెషిన్ ఆగిందని లెక్క. "ఏమైంది యాదమ్మా, కెమెరా మళ్లీ అలిగిందా?" అన్నాను. 

"కెమెరా కాదు మేడం. సార్ పోయిండు" అంది.

సార్‌ది, యాదమ్మది ఒకటే ఊరు, లక్డారం. అందుకే కబురు ముందు ఆమెకు చేరింది. నేను పొయ్యి ఆపి, పెనం మీద దోసెను అట్లాగే వదిలేసి కూర్చున్నాను. ఏడుపు వెంటనే రాలేదు. ఇంత పెద్ద కబురు తర్వాత అడగాల్సిన మాట ఒకటి ఉంది కదా, అది అడిగే మనిషే లేడు కదా అనిపించింది. ఆ మాటేమిటో చెబుతాను.

ఆయన మీలో చాలామందికి తెలియదు. తెలియాల్సిన పనిలో ఆయన ఎప్పుడూ లేరు. కానీ మీకు జ్వరం వచ్చి గోలీ వేసుకున్నప్పుడు, ఆ పత్తాలో, అదే గోలీల అట్టలో, ప్రతి గుంతలోనూ గోలీ ఉందా, ఏదైనా విరిగిందా అని ఎక్కడో ఒక కెమెరా చూసే ఉంటుంది. మా పటాన్‌చెరు పక్క అలాంటి కెమెరాలు కొన్నింటికి చూపు నేర్పింది ఆయనే. మాది పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డు. ముందు భాగం పెయింట్ డబ్బాల గోదాము, వెనక మేము. గాలి అటు తిరిగితే మందుల వాసన, ఇటు తిరిగితే రంగుల వాసన. మధ్యలో సార్ టేబుల్, దాని మీద ఊరి నుంచి తెచ్చిన సీతాఫలాలు. ఏ పండు మగ్గిందో వేలితో నొక్కి చూసి, మగ్గిందే మాకిచ్చి, గట్టిది తనకు ఉంచుకునేవారు.

నేను సంగారెడ్డిలో ఇంజినీరింగ్ చదివి ఆ షెడ్డుకు వచ్చినప్పుడు నాకు కంప్యూటర్‌లోని డ్రైవర్ ప్రోగ్రామ్ అంటే పుస్తకంలో ఒక పేరా. మొదటి రోజే సార్ అడిగారు, "డ్రైవర్ అంటే ఏంది బిడ్డా?" నేను పుస్తకంలోది గడగడ అప్పజెప్పాను. ఆయన ఓపిగ్గా అంతా విన్నారు. "మంచిగ చెప్పినవ్. ఇగ నేను చెప్త విను. కెమెరాకు మన భాష రాదు, మన ప్రోగ్రామ్‌కు దాని భాష రాదు. నడుమ మాట మోసేటోడు డ్రైవర్. వాణ్ని అడిగితే అన్నీ చెప్తడు. అడగకపోతే ఒక్కటి చెప్పడు" అన్నారు.

ఏం అడగాలి? నీ దగ్గర ఏమేం మీటలున్నాయి, ఒక్కోదాని పేరేమిటి, ఎంత నుంచి ఎంత వరకు తిరుగుతుంది, ఒక్కోసారి ఎంతెంత జరుగుతుంది, ఎవరూ ముట్టకపోతే ఎక్కడ నిలుస్తుంది, ఇప్పుడు తిప్పితే తిరుగుతుందా లేదా. వెలుతురు, రంగు, ఫోకస్, అన్నింటికీ ఇవే ప్రశ్నలు. నేను విసుగ్గా, "ఇన్ని ఎందుకు సార్, కావాల్సిన నంబర్ పంపిస్తే పోదా?" అన్నాను. ఆయన గోడ మీది ఫ్యాన్ రెగ్యులేటర్ చూపించారు. "దానికి అయిదు గీతలే ఉన్నయ్. నువ్వు ఏడు మీద పెట్టు, సూస్త" అన్నారు.

ఇక ఆ మాట సంగతి. మన వైపు ఫోన్‌లో ఎవరైనా "ఇంకేంది?" అన్నారంటే, ఇక పెట్టేయమని మర్యాదగా చెప్పడం. "ఏం లేదు" అనడం మన మర్యాద. ఇద్దరూ ఫోన్ పెట్టేస్తారు. మా సార్‌కు ఈ మర్యాద తెలియదు. ఆయన "ఇంకేంది?" అంటే నిజంగానే ఇంకేమిటని అడుగుతున్నట్టు. జవాబు వచ్చేదాకా మీ ముఖంలోకి చూస్తూ నిలబడతారు. కర్దనూర్ మలుపులో ఛాయ్ బండి ఆయన్ని ఒకసారి, "మంచిగున్నవా?" అన్నారు. మంచిగున్న అన్నాడు. "ఇంకేంది?" అంతా మంచిదే అన్నాడు. "ఇంకేంది?" మూడోసారికి ఆ మనిషి గరిటె పక్కన పెట్టి, తమ్ముడితో మాటల్లేని సంగతి మొదలుపెట్టాడు. నా ఛాయ్ చల్లారింది. కస్టమర్ దగ్గరికి ఆలస్యమైంది. సార్ బైకు వెనక కూర్చుని నేను గొణుగుతూనే ఉన్నాను. సార్ హాయిగా బండి నడుపుతూ, "మొదటి జవాబు అందరిదీ ఒకటే ఉంటది బిడ్డా. అసలుది తర్వాత వస్తది" అన్నారు.

ఇంత అడిగే మనిషి ఒక్క చోట అడగడం మరిచిపోయారు. ఆ కథ చెప్పకపోతే ఈ రాత ఎందుకూ పనికిరాదు.

గుమ్మడిదల ఫ్యాక్టరీలో మా పాత కెమెరా పాడైంది. అదే రకం దొరక్క వేరే రకం తెచ్చి బిగించాం. ప్రోగ్రామ్ మాత్రం పాతదే ఉంచాం. కెమెరా ఒక్కో ఫొటోకు ఎంతసేపు వెలుతురు పట్టాలో చెప్పే నంబర్ అందులో ఉంది. అది సార్ తన చేత్తో రాసినది. ఏళ్ల తరబడి చక్కగా పనిచేసింది. కొత్త కెమెరా వచ్చాక పొద్దుటి పూట బాగానే ఉండేది. భోజనాల తర్వాత మాత్రం మంచి పత్తాలను కూడా విరిగిన గోలీలని పక్కకు తోసేసేది. బుట్టలు నిండేవి. పగటి షిఫ్టులో మెషిన్ దగ్గర ఉండేది యాదమ్మ. లైన్ ఇన్‌చార్జి ఆలోచన సూటిగా సాగింది: యాదమ్మ ఏదో మీట ముట్టింది, కాబట్టి ఆమెను తీసేయాలి.

యాదమ్మకు అది మామూలు విషయం కాదు. ఆమె ఇంటివాళ్లంతా మొదటి నుంచీ పొలం కూలికి పోయినవాళ్లే. నీడపట్టున కూర్చుని చేసే పని ఆ ఇంట్లో మొదట ఆమెకే దొరికింది. మళ్లీ పొలానికి పోదామంటే ఊళ్లో పొలాలే తగ్గిపోయాయి, ఆమె నడుమూ ఒప్పుకోదు. మేం వెళ్లేసరికి ఆమె మెషిన్ పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉంది, మళ్లీ ఏదో ముట్టింది అంటారేమోనని.

సార్ కెమెరా వంక చూడలేదు. ఖాళీ డబ్బా ఒకటి బోర్లించి దాని మీద కూర్చుని, ఆమెనూ కూర్చోమన్నారు.

"నేనేం ముట్టలే పటేలా" అంది యాదమ్మ. ఫ్యాక్టరీలో సార్ అంటుంది కానీ, భయంలో ఊరి పిలుపే నోటికొచ్చింది.

"ముట్టినవని నేనన్ననా? ఎట్ల అయితుందో చెప్పు."

"తిని వచ్చినంక అన్నీ పడేస్తది. మంచియి గూడ."

"ఇంకేంది?"

"గంతే సార్."

"ఇంకేంది?"

ఇన్‌చార్జి గడియారం చూసుకున్నాడు. "మీ ఊరామె అని ఎంతసేపు కూసుంటరు సార్?" అన్నాడు. సార్ ఆ మాట విననట్టే ఉన్నారు.

"ఇంకేంది యాదమ్మా?"

"ఏముంటది... గా కిటికీ అద్దాలకు నల్ల కాయితం ఊశిపోయింది. తిని వచ్చేటాల్లకు ఎండ సక్కగ కండ్లల్ల కొడ్తది. నాకైతే కండ్లు చిన్నగ చేసుకునే సూస్త."

సార్ తల తిప్పి అద్దాల వంక చూశారు, తర్వాత కెమెరా వంక. "నువ్వు చిన్నగ చేసుకుంటే, ఇది గూడ చేసుకుంటున్నట్టున్నది" అన్నారు.

అప్పుడు లాప్‌టాప్ తీసి డ్రైవర్‌ను అడగడం మొదలుపెట్టారు. మొదటి మీట ఏది? తర్వాతది ఏది? దాని తర్వాతది? వెలుతురు మీట దగ్గరికి రాగానే జవాబు వచ్చింది: ఉంది, కానీ ఇప్పుడు పనిలో లేదు. పాత కెమెరా కరెంటు ఇవ్వగానే మన చెప్పుచేతల్లో ఉండేది. కొత్తది ఆటోలో, అంటే అన్నీ తనే చూసుకునే తీరులో, మేల్కొంటుంది. ఆటోలో ఉన్నంతసేపు మనం పంపిన నంబర్‌ను సరేనని తీసుకుంటుంది, తీసుకుని పక్కన పెట్టుకుంటుంది. కాదని కూడా అనదు. ఎండ పడగానే తనంతట తాను కన్ను చిన్నది చేసుకుంటుంది. గోలీలు నల్లబడి విరిగినట్టు కనిపిస్తాయి.

సార్ పెద్దగా నవ్వారు. "ఊరందర్ని అడుగుత. దీన్నొక్కదాన్ని అడగలే!" అన్నారు. తర్వాత లేచి, ఇన్‌చార్జి ఎదుట నిలబడి, "తప్పు యాదమ్మది కాదు. కెమెరాది గూడ కాదు. అడగకుండ చెప్పింది నేను" అన్నారు.

ఆటో తీసేశాక, ఎండ పడుతున్నా పత్తాలు సాఫీగా వెళ్లాయి. ఇన్‌చార్జి, "సరే సార్, అయితే అయిపోయింది" అన్నాడు.

"ఇంకేంది?" అన్నారు సార్.

"ఏం లేదు సార్."

"ఇంకేంది?"

ఆ మనిషి అటూ ఇటూ చూశాడు. సార్ కదల్లేదు. చివరకు అతను, "యాదమ్మా, రేపు షిఫ్టుకు రా. నువ్వు ఏం మనసుల పెట్టుకోకు" అన్నాడు. అప్పుడు సార్ బండి తాళం తీశారు. నా జీవితంలో నేను చూసిన చక్కటి పంచాయితీ అదే.

మర్నాడు షెడ్డులో కూర్చుని ఆ అడిగే పనంతా ప్రోగ్రామ్‌లోనే రాశాం. మెషిన్ ఆన్ చేయగానే ముందు డ్రైవర్‌ను ఒక్కో మీట గురించి అడుగుతుంది, తర్వాతే చెబుతుంది. ఆ భాగానికి సార్ పెట్టిన పేరు "ఇంకేంది". ఇప్పటికీ ఇంగ్లీషు అక్షరాల్లో అట్లాగే ఉంది. బిహార్ నుంచి వచ్చిన మా కుర్ర ఇంజినీర్లు అది ఏదో పెద్ద టెక్నికల్ మాట అనుకుని గౌరవంగా పలుకుతారు.

అందులో ఒక సంగతి నన్ను వేధించింది. తర్వాతది, తర్వాతది అని అడుగుతూ పోతే చివర్లో డ్రైవర్ ఎర్రర్ ఇస్తుంది, ఎర్రటి అక్షరాల్లో. "సార్, అన్నీ సరిగ్గానే వస్తున్నయి, ఆఖర్ల ఎర్రర్ వస్తుంది" అన్నాను.

"రానియ్. అది తప్పు కాదు బిడ్డా. ఉన్నయన్నీ చెప్పిన, ఇగ నా దగ్గర ఏం లేదు అంటున్నది. లేదని చెప్పుడు గూడ జవాబే."

ఆ ఎర్రటి వరస చూసి యాదమ్మ జడుస్తుందని దాని చోట, ఇక పని మొదలుపెట్టొచ్చని తెలుగులో ఒక వాక్యం పెట్టారు: "ఇగ ఏం లేదు. పని సురు." ఇంగ్లీషులో పెట్టమని ఇన్‌చార్జి అడిగితే, "నీ లైన్ మీద ఇంగ్లీషుల ఎవరు మాట్లాడ్తరయ్యా?" అన్నారు.

సార్ పోయిన ఆ ఆదివారమే లక్డారం వెళ్లాను. అంతా అయిపోయాక, జనం తగ్గాక, సార్ భార్య నన్ను దగ్గర కూర్చోబెట్టుకున్నారు. నేను ఆమెను అమ్మా అనే పిలుస్తాను. యాదమ్మ గడప దగ్గర కూర్చోబోతే అమ్మే లోపలికి పిలిచి పక్కన కూర్చోమన్నారు. సార్ పొద్దున ఛాయ్ తాగి, అరుగు మీద కుర్చీలో కూర్చున్నారట. జ్వరం లేదు, నొప్పి లేదు. ఆమె వంటింట్లో ఉన్నారు.

"'ఇంకేంది?' అన్నడు బిడ్డా, ఎప్పటి లెక్కనే. నేను పోపు పెడుతున్న. 'ఏం లేదు' అన్న. ఉప్మా తీస్కొని వచ్చేవరకు ఇట్ల తల వాల్చిండు." ఆమె కొంగుతో ముఖం ఒత్తుకున్నారు. "ఏం లేదని ఎందుకన్ననో. ఏదో ఒకటి ఉన్నదంటే, ఇనేటందుకన్న ఇంకింత సేపు కూసుంటుండె గదా."

అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే, "అమ్మా, అది తప్పు కాదు. లేదని చెప్పుడు గూడ జవాబే అని సారే అన్నరు" అన్నాను. ఏ సందర్భంలో అన్నారో, డ్రైవర్ సంగతి, ఎర్ర వరస సంగతి నాకు చేతనైనట్టు చెప్పాను. ఆమెకు ఎంత అర్థమైందో తెలియదు. యాదమ్మ మాత్రం ఆమె చేయి పట్టుకుని, "అవునమ్మా, మా మెషిన్ మీద గట్లనే రాసుంటది. దినాం సూస్త" అంది. అమ్మ మా ఇద్దరి వైపు తిరిగారు. "మెషిన్ల గూడ గదే పెట్టిండా?" అన్నారు. ఆ ఏడుపులోనే చిన్నగా నవ్వారు. "యాబై ఏండ్లు నన్ను సతాయించింది చాలక!"

మర్నాడు గుమ్మడిదలలో పని ఉండి వెళ్లాను. పొద్దుటి షిఫ్టు మొదలవుతోంది. యాదమ్మ మెత్తటి గుడ్డతో కెమెరా అద్దం తుడిచి మెషిన్ ఆన్ చేసింది. తెర మీద ఇంగ్లీషు వరసలు ఒకదాని వెనక ఒకటి పైకి జరిగాయి, డ్రైవర్ తన దగ్గర ఉన్నవన్నీ చెప్పుకుంటూ పోతోంది. ఆమె చేతులు కట్టుకుని నిలబడి, తనకు చదవడం వచ్చే ఒక్క వరస కోసం ఆగింది. అది వచ్చింది.

"ఇగ ఏం లేదు. పని సురు" అని యాదమ్మ పైకే చదివి, బెల్ట్ మీట నొక్కింది.