వైరు ముక్క లేకుండా కొన్న క్రింపింగ్ టూల్

మా చిన్నప్పుడు... మీర్‌పేట్‌లో మా ఇంటి ముందు గదే మా అమ్మ పిండి గిర్నీ. పొద్దున్నే గోధుమలు, జొన్నలు, బియ్యం డబ్బాలు గడప దాకా వరుస కట్టేవి. తెలంగాణ ఉద్యమం రోజులవి. వరుసలో నిలబడ్డ ఆడవాళ్లు రాష్ట్రం గురించి గట్టిగానే వాదించుకునేవాళ్లు... డబ్బాలు మాత్రం పక్కపక్కనే ఒద్దికగా ఉండేవి.

"నా గిర్నీ" అనేది అమ్మ. "మా గిర్నీ" అని ఒక్కనాడూ అనలేదు. దాని మీదే ఆమె ప్రాణం.

ఒకరోజు మోటారు ఆగిపోయింది. వైరు చివర బోల్టుకి బిగించే రాగి లగ్గు మాడిపోయింది. కొత్త లగ్గు ఇంట్లోనే ఉంది... దాన్ని వైరు మీద గట్టిగా నొక్కే క్రింపింగ్ టూలే లేదు. ఆ రోజు బంద్. మర్నాడూ బంద్. మా వీధి ఎలక్ట్రీషియన్ ఊరెళ్లి, బస్సుల్లేక అక్కడే ఇరుక్కున్నాడు. డబ్బాల వాళ్లు ఒక్కొక్కరే బడంగ్‌పేట్ గిర్నీకి మళ్లుతుంటే అమ్మ ముఖం చూడలేకపోయేదాన్ని.

చివరికి దిల్‌సుఖ్‌నగర్‌లో షాపులవాళ్లు సగం షట్టర్లు ఎత్తారని తెలిసింది. నాయిన స్కూటర్ తీశాడు, నేను వెనకెక్కాను.

"గా వైరు ముక్క కోసిస్తా, జర తీస్కపో" అంది అమ్మ.

"నాకు తెల్వదా ఏంది? రోజు చూస్తలేనా!" అన్నాడు నాయిన. అదిగో... అక్కడే మా కొంప మునిగింది.

షాపాయన కోస్తా వైపు మనిషి. "వైరు ఎంత మందమండీ?" అని అడిగాడు.

నాయిన చిటికెన వేలు చూపించాడు. "గింత ఉంటది."

"వేలు చూసి టూల్ ఎలా ఇమ్మంటారండీ? ముక్క తెచ్చుంటే బాగుండేది" అంటూనే రెండు తీసి ముందు పెట్టాడు. ఒకటి పొడుగు పిడిది, సైజులు మార్చుకునేది. రెండోది చిన్నది, ఎరుపు నీలం పసుపు చుక్కలున్నది. "ఇది సన్న వైర్లకేనండీ" అని కూడా చెప్పాడు, మహానుభావుడు!

నాయిన ఆ చిన్నదాన్నే నొక్కి చూశాడు. టిక్ టిక్ టిక్... ఆ చప్పుడుకే పడిపోయాడు. "గా పొడుగుది కరెంటు స్తంభాలోళ్లకు. మనకు గిదే మంచిగుంటది" అని తేల్చేశాడు. ఇంతలో ర్యాలీ వస్తోందని బయట అరుపులు... షట్టర్ దిగిపోయింది.

ఇంటికొచ్చి చూస్తే ఆ టూల్ నోట్లో మా లగ్గు పట్టనే పట్టదు! అమ్మ డబ్బా మూత నేలకేసి కొట్టింది. "ముక్క తీస్కపో అంటే ఇన్నవా? ఏంది నీ మొండితనం!" మార్చుకుందామంటే మర్నాడు మళ్లీ బంద్.

నాయిన పౌరుషానికి పోయి లగ్గుని సుత్తితో బాదాడు. గిర్నీ తిరిగింది. డబ్బాలు మళ్లీ వచ్చాయి, అమ్మ నవ్వింది కూడా... వారం తిరక్కుండానే ఆ లగ్గు వదులై, మూడు ఫేజుల కరెంటులో ఒకటి అందక మోటారు కాలిపోయింది. అమ్మ గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. అరిచినా బాగుండేది.

కొత్త మోటారుకి డబ్బుల్లేక గిర్నీ మళ్లీ తెరవలేదు. గది కిరాయికిచ్చేశాం, రీఛార్జి షాపు వచ్చింది. తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. అరచేతిలో పట్టే వైరు ముక్క... జేబులో వేసుకుంటే ఏం పోయేది!

మొన్న ఇన్వర్టర్ వైరుకి లగ్గు వేయాల్సి వచ్చింది. ఎల్‌బీ నగర్ షాపుకి వెళ్దామని చెప్పులేసుకుంటుంటే వెనక నుంచి నాయిన గొంతు... "వైరు ముక్క పట్టుకున్నవా బిడ్డా?"

వంటింట్లో పిండి ప్యాకెట్ కత్తిరిస్తున్న అమ్మ చెయ్యి టక్కున ఆగింది.

ఆ ప్యాకెట్ పిండి ఎప్పుడు ముట్టుకున్నా చల్లగానే ఉంటుంది. గిర్నీ నుంచి వేడివేడి పిండి డబ్బా పొట్టకి ఆనించుకుని మోసినవాళ్లు ఎవరైనా ఉంటే ఒక్క మాట రాయండి... మా అమ్మకి చదివి వినిపిస్తాను.