ఉమ్రాకు ముందు చిచ్చా చెప్పాల్సిన మాట

తాండూరు నుంచి చిచ్చా, అంటే మా చిన్నాన్న, పంపిన మెసేజ్ గురువారం వచ్చింది. చుట్టూ గులాబీ పూలు, మధ్యలో మక్కా ఫోటో, కింద నాలుగు ముక్కలు. ఉమ్రాకు బయల్దేరుతున్నాం, తెలిసీ తెలియక ఏమన్నా అని ఉంటే మాఫ్ చెయ్యండి, శనివారం దావత్‌కు రండి. మాలో ఇది ఆచారమే. మక్కాకు పోయేవాళ్లు అందరి దగ్గరా మాఫీ చెప్పించుకుని గానీ గడప దాటరు. వెనకటికి ఇంటింటికీ తిరిగి అడిగేవారు. ఇప్పుడు ఒక్క వేలితో ఊరందరికీ పంపేస్తున్నారు. నాకొచ్చిన దాంట్లో నా పేరు కూడా లేదు. ఒళ్లు మండింది. పోయి తేల్చుకుందామనుకుని కుట్టు మిషన్‌కు గుడ్డ కప్పి, శనివారం పొద్దున వికారాబాద్ స్టేషన్‌కు నడిచాను.

తాండూరుకు బస్సులో పోతే ఆడవాళ్లకు టికెట్టు అక్కర్లేదు. కానీ శనివారం ఆ బస్సులో సీటు దొరికేది కల్ల. అందుకని రైలుకే టికెట్టు తీసుకున్నాను. తొమ్మిది దాటాక బండి వచ్చింది. పెట్టెలో సగం మంది సేడం పోయేవాళ్లు, కన్నడంలో ఒకటే ముచ్చట్లు. కిటికీ పక్కన ధారూరులో దిగాల్సిన పెద్దమ్మ ఒకామె జరిగి చోటిచ్చింది. గొర్రెలు కాసే ఇల్లట వాళ్లది, బిడ్డను చూడబోతోంది. ఎక్కడికి, ఎందుకు అని అడిగితే ఉన్నదంతా చెప్పేశాను.

మా అబ్బా, అంటే నాన్న కరీం, చిచ్చా అన్నదమ్ములు. ఇద్దరూ తాండూరులో ఒకే పాలిషింగ్ యూనిట్లో బండలు కోసేవారు. ఒకసారి కోత బ్లేడ్లు పోయాయి. తీసి అమ్ముకున్నది చిచ్చా. మేస్త్రీ ముందు నిలబడి అన్న తీశాడని చెప్పింది కూడా చిచ్చానే. అబ్బా తమ్ముణ్ని పట్టివ్వలేదు. పని మానేసి, మమ్మల్ని వికారాబాద్ తీసుకొచ్చి ఆటో నడుపుకున్నాడు. మళ్లీ తాండూరులో కాలు పెట్టలేదు. రెండేళ్ల కింద చనిపోయాడు. నిజం మా ఇంట్లో అందరికీ తెలుసు, బయట ఒక్కరికీ తెలియదు.

"పుణ్యానికి పోతుండు గద బిడ్డా, ఇడిశిపెట్టు. మనసుల పెట్టుకుంటె నీకే బరువు" అంది పెద్దమ్మ.

"ఇడుస్త పెద్దమ్మా. గని నేను ఇడిశేది ఏందో ఆయన నోటితోని చెప్పాలె గద."

అదీ నిజమేనంది ఆమె. దిగేముందు మూట విప్పి నాకు సగం జొన్నరొట్టె, కారం పెట్టింది.

ధారూరు దాటాక రెండు పక్కలా కంది చేలు పూత మీదున్నాయి. తాండూరు దగ్గరయ్యేకొద్దీ చేల చుట్టూ కంచెకు బదులు బండలే పాతి ఉంటాయి, ఆకుల మీద తెల్లటి రాతి దుమ్ము. నేను మాత్రం తెల్లవారుజామున ఫజర్ నమాజు తర్వాత చదువుకున్న దువానే మళ్లీ మళ్లీ అనుకుంటున్నాను. తప్పుకు పశ్చాత్తాపపడి, తౌబా చేసి కొత్తగా మొదలుపెట్టాలనుకునేవాళ్లకు అది పెద్ద దువా. నాకు అబ్బానే నేర్పాడు. నువ్వే నన్ను పుట్టించావు, నువ్విచ్చినవన్నీ ఒప్పుకుంటున్నాను, నా తప్పూ ఒప్పుకుంటున్నాను, మాఫ్ చెయ్యి అని అడుగుతుంది. మాఫీ మాట వచ్చేది చివర్లోనే. చిచ్చా చివరి ముక్క ఒక్కటే పట్టుకుని విమానం ఎక్కుదామనుకుంటున్నాడు.

స్టేషన్ బయట ఆటోవాలా ఎవరింటికని అడిగాడు. చిచ్చా పేరు చెప్పి, వాళ్లన్న కరీం బిడ్డనన్నాను. "ఎవరు, బ్లేడ్ల కరీమా?" అన్నాడు, ఇంటిపేరు చెప్పినంత మామూలుగా. ఆయన బిడ్డనేనని గట్టిగా చెప్పి ఎక్కాను. దారంతా ఏడుస్తూనే ఉన్నాను.

ఇంటి ముందు షామియానా వేశారు. చిచ్చా మెడలో దండలతో కూర్చున్నాడు, ముందు వరస కుర్చీల్లో అప్పటి మేస్త్రీ మాణిక్యప్ప కాక కూడా ఉన్నాడు. మసీదు హజ్రత్ చేతులెత్తి దువా చేశాడు. పాత పాపాలు కడిగి కొత్త బతుకు ఇవ్వమన్నాడు. అందరూ ఆమీన్ అన్నారు. నేను అనలేదు. ఆడవాళ్లు కూర్చున్న గదిలోంచి లేచి, పరదా తప్పించుకుని షామియానా కిందికి వచ్చాను.

"చిచ్చా, మెసేజ్ అందింది. ఏం మాఫ్ చెయ్యాల్నో మాత్రం అండ్ల లేదు."

అయిపోయిందేదో అయిపోయిందని చిచ్చా మెల్లగా ఉర్దూలో అన్నాడు. చిచ్చా భార్య, మా చాచీ వచ్చి నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగబోయింది. నేను కదల్లేదు.

"తెలుగుల చెప్పు. ఆ దినం మాణిక్యప్ప కాకకు తెలుగులనే చెప్పినవ్ గద."

పండగ పూట ఇదేంటని ఎవరో వెనక నుంచి గొణిగారు. నేను హజ్రత్‌నే అడిగాను, దువాలో ఒప్పుకోవడం ముందా, మాఫీ ముందా అని. ఒప్పుకోవడమే ముందన్నాడాయన. ఒకరి మీద నింద వేసినవాడు, ఎవరి ముందు వేశాడో వాళ్ల ముందే వెనక్కి తీసుకోవాలని కూడా అన్నాడు. చిచ్చా మెడలోని దండలు తీసి పక్కన పెట్టాడు. తర్వాత లేచి నిలబడ్డాడు.

"మాణిక్యప్పా, బ్లేడ్లు మా అన్న తియ్యలే. నేను తీసిన. తీసి, అన్న పేరు చెప్పిన."

మాణిక్యప్ప కాక అడిగింది ఒక్కటే. "కరీం భాయికి చెప్పినవా గీ మాట?"

"అన్న లేడు" అన్నాడు చిచ్చా.

కాక లేచి, నా తల మీద చెయ్యి పెట్టి, అన్నం తినకుండానే వెళ్లిపోయాడు. నేను మాత్రం తిన్నాను. బిర్యానీ, దాల్చా బాగున్నాయి, నా కోపానికీ నా ఆకలికీ సంబంధం లేదు. కొందరు నా పక్కన కూర్చోకుండా జరిగిపోయారు. వాళ్ల ఇష్టం. పదిమంది ఎదుట పోయిన పేరు పదిమంది ఎదుటే తిరిగొచ్చింది, నాకు అంతకన్నా కావాల్సిందేమీ లేదు.

నాలుగు దాటాక హైదరాబాద్ బండికి అందరం కలిసే ఎక్కాం. వాళ్ల విమానం మర్నాడు. చాచీ నా వైపు చూడలేదు. తాండూరుకు పోయేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఊరు మంచిదే, మనుషులు పిలిచి చోటిస్తారు, అన్నం పెడతారు, అడగాల్సింది మాత్రం మనమే నోరు తెరిచి అడగాలి. ధారూరు దాటాక చిచ్చా వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఇప్పుడన్న మాఫ్ చేసినవా బేటీ?"

"నా వంతు మాఫ్ చేసిన. అబ్బా వంతు నా చేతుల లేదు. వికారాబాద్‌ల దిగు."

వెనక బండికి వస్తానని చాచీకి చెప్పి, సామాను వాళ్లకే వదిలేసి దిగాడు. స్టేషన్ బయటికి వచ్చి అటూ ఇటూ చూశాడు. అబ్బా సమాధి ఉన్న కబరస్తాన్‌కు దారి తెలియదన్నాడు. ఎట్లా తెలుస్తుంది, అబ్బాను మోసుకుపోయిన నాడు రాలేదు కదా.

"గేటు దాక నేను చూపిస్త" అన్నాను. "లోపలికి నువ్వొక్కనివే పోవాలె."